ఐదు కిలోమీటర్ల సినిమా, చేతిలో స్టాప్‌వాచ్

1952 జనవరి 24, బొంబాయి. మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం ఆరోజే మొదలైంది. ఆసియాలో అంతకుముందు అలాంటి ఉత్సవం జరగలేదు. 23 దేశాలు వచ్చాయి. సుమారు 40 కథాచిత్రాలు, 100 లఘుచిత్రాలు తెర మీదికి ఎక్కబోతున్నాయి.

ప్రొజెక్షన్ గదిలో గోడ వారగా పేర్చిన రేకు డబ్బాలను ఒకసారి ఊహించుకోండి. ఒక్కో డబ్బాలో వెయ్యి అడుగుల రీలు. అది తెర మీద పదకొండు నిమిషాలు ఆడుతుంది. లఘుచిత్రానికి ఒక డబ్బానో రెండు డబ్బాలో చాలు, ఒక మనిషి చంకలో పెట్టుకుని వచ్చేయొచ్చు. ఆ వరసలోనే మద్రాసు నుంచి వచ్చిన ఒక తెలుగు సినిమా ఉంది. దాని పూర్తి నిడివి 195 నిమిషాలు. నిమిషానికి 90 అడుగుల చొప్పున లెక్క కడితే పదిహేడున్నర వేల అడుగులు. విప్పి పరిస్తే ఐదు కిలోమీటర్లు దాటుతుంది. దక్షిణాది నుంచి ఆ ఉత్సవానికి వెళ్లిన సినిమా అదొక్కటే. పేరు ‘పాతాళభైరవి’. దర్శకుడు కదిరి వెంకటరెడ్డి, అంటే మనందరి కె.వి.రెడ్డి. సొంతూరు అనంతపురం జిల్లా తాడిపత్రి.

ఆ ఉత్సవాన్ని నిర్వహించింది ఫిల్మ్స్ డివిజన్. 1948లో పుట్టిన ఆ ప్రభుత్వ సంస్థ పనే అప్పట్లో చిన్న సినిమాలు తీయడం. మన ఊళ్లలో అసలు బొమ్మ మొదలయ్యే ముందు తెర మీద ఆడిన వార్తాచిత్రాలు, డాక్యుమెంటరీలు వాళ్లవే. చిన్నవి తీసేవాళ్లు పిలిచిన పండగకి మూడు గంటల పైచిలుకు జానపదం వెళ్లింది. పెద్దదీ చిన్నదీ పక్కపక్కన ఆడిన ఉత్సవం అది. సినిమాకి సైజు ముఖ్యమా అని ఈరోజు షార్ట్ ఫిల్మ్ కుర్రాళ్లు వాదించుకుంటుంటే నాకు ముందుగా ఆ డబ్బాల వరసే గుర్తొస్తుంది.

ఉత్సవానికి మన దేశం తరఫున వెళ్లిన కథాచిత్రాలు నాలుగు. హిందీ నుంచి ‘ఆవారా’, మరాఠీ నుంచి ‘అమర్ భూపాలీ’, బెంగాలీ నుంచి ‘బాబ్లా’, తెలుగు నుంచి ‘పాతాళభైరవి’. ‘ఆవారా’ కూడా మూడు గంటలు దాటే సినిమాయే. ఇటలీ నుంచి ‘బైసికిల్ థీవ్స్’ వచ్చింది. నిడివి 89 నిమిషాలు. స్టూడియో సెట్లు లేవు, పేరున్న నటులు లేరు. రోము వీధుల్లో ఒక తండ్రీ కొడుకూ పోయిన సైకిలు వెతుక్కుంటూ తిరుగుతారు, అంతే కథ. ఆ ఉత్సవంలో దాన్ని చూసినవాళ్లలో బిమల్ రాయ్ ఒకరు. ఆ ప్రభావం నుంచి మరుసటేడు, 1953లో, ‘దో బీఘా జమీన్’ వచ్చింది. కరువు దెబ్బతిన్న రైతు తన రెండు బీఘాల చెక్క నిలుపుకోవడానికి కలకత్తా వెళ్లి రిక్షా లాగుతాడు. బెంగళూరు బస్సెక్కి కూలికి పోయే మనుషుల్ని పుట్టినప్పటి నుంచీ చూస్తున్న అనంతపురం వాళ్లకి ఆ కథ విడమరచి చెప్పక్కర్లేదు.

ఉత్సవంలో ఏ సినిమా కె.వి.రెడ్డి గారి మనసుని పట్టిందో ఊహించి రాయడం నాకిష్టం లేదు. తర్వాత ఆయన ఏం తీశారో మాత్రం లోకమంతా చూసింది. 1954లో వచ్చిన ‘పెద్దమనుషులు’లో ‘పాతాళభైరవి’లోలా మంత్రగాడు లేడు, గుహలు లేవు. ఒక చిన్న ఊరు, ఊరి డబ్బు మింగేసే పెద్దలు. మూలకథ ఇబ్సెన్ నాటకంలోది. ప్రధాన పాత్రకి స్టార్‌ని తీసుకోలేదు, జంధ్యాల గౌరీనాథశాస్త్రి గారిని తీసుకున్నారు. ఆ ఏడు తెలుగులో ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం దానికే దక్కింది. పాతాళభైరవి విగ్రహమంత ఎత్తున జానపదాన్ని నిలబెట్టిన చెయ్యి మూడేళ్లు తిరక్కుండానే ఊరి రచ్చబండ దగ్గరికి దిగొచ్చింది. చిన్నదానికి దిగినందుకు ఎవరూ ఆయన్ని తక్కువగా చూడలేదు.

తాడిపత్రి గురించి కాస్త చెప్పాలి. పెన్న ఒడ్డు ఊరు. ఏడాదిలో ఎక్కువ రోజులు పెన్న అంటే ఇసుకే. చింతల వెంకటరమణ, బుగ్గ రామలింగేశ్వర ఆలయాల రాతిపని చూడటానికి ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అని మనం చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన అనంతపురంలో, ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండే ఆ నేలలో, 1912 జులై 1న కె.వి.రెడ్డి పుట్టారు. రంగస్థలం మీద దేశమంతా మెచ్చిన బళ్లారి రాఘవ పుట్టిందీ ఈ ఊళ్లోనే, 1880లో. కె.వి.రెడ్డికి చిన్ననాటి స్నేహితుడు మూలా నారాయణస్వామి. వాహిని చిత్రనిర్మాణ సంస్థ వెనుక, ఆ తర్వాత మద్రాసులో లేచిన వాహినీ స్టూడియో వెనుక నిలబడిన డబ్బూ ధైర్యమూ ఆయనవి. తాడిపత్రి స్నేహం ఒకటి లేకపోతే తెలుగు సినిమాకి ఆ స్టూడియో అంత త్వరగా దొరికేది కాదు. ఆయన పేరు ఇప్పుడు తాడిపత్రిలోనే చాలామందికి తెలియదు. అది నాకు నిజంగా బాధ.

వాహినిలో కె.వి.రెడ్డి మొదట డైరెక్టరు కుర్చీలో కూర్చోలేదు. లెక్కలూ నిర్మాణ వ్యవహారాలూ చూశారు. ఏ సెట్టుకి ఎంత కలప పట్టింది, ఏ పాటకి ఎన్ని అడుగుల ఫిలిం తిరిగింది, అందులో ఎంత చెత్తబుట్టలో పడింది, ఇవన్నీ కాగితం మీద చూసిన మనిషి. ఆ తర్వాత వాహిని దర్శకుడు బి.ఎన్.రెడ్డి గారి అండతో తొలిసారి దర్శకత్వం చేసిన ‘భక్త పోతన’ 1943 జనవరిలో విడుదలైంది. అది రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. విదేశాల నుంచి రావలసిన ముడి ఫిలిం రాక దేశమంతా ఫిలిం కరువు. కథాచిత్రం 11,000 అడుగులు మించకూడదని ప్రభుత్వం కట్టడి పెట్టింది కూడా ఆ యుద్ధకాలంలోనే. అంటే రెండు గంటల రెండు నిమిషాలకు కాస్త అటూ ఇటూ. సినిమా ఎంత పొడుగుండాలో సర్కారు అడుగుల్లో చెప్పిన రోజులవి. కరువు సీమ నుంచి వెళ్లిన దర్శకుడు ఫిలిం కరువులో పని మొదలుపెట్టారు.

ఇప్పుడు స్టాప్‌వాచ్ దగ్గరికొద్దాం. కె.వి.రెడ్డి గారి దగ్గర పనిచేసినవాళ్లు దశాబ్దాలుగా చెబుతూ వస్తున్న సంగతి ఇది. షూటింగుకి వెళ్లే ముందే స్క్రిప్టు మొత్తాన్ని చదివించి, గడియారం పట్టి, ప్రతి సీనుకీ నిడివి కట్టేవారు.

ఆ గదిని ఊహించుకోండి. మధ్యాహ్నం. బల్ల మీద రచయిత పింగళి నాగేంద్రరావు గారు రాసిన కాగితాలు. ఒకరు చదువుతున్నారు. మామూలుగా చదివితే కుదరదు, పాత్ర ఎలా మాట్లాడుతుందో అలాగే చదవాలి. ముసలివాడి మాట నెమ్మదిగా రావాలి, కోపం వచ్చినవాడి మాట దూకాలి. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకునే చోట ఆగాలి. పాత్ర గుమ్మం నుంచి మంచం దాకా నడవాలంటే ఆ నడకకి పట్టే సెకన్లు వదలాలి. గడియారం ఆగుతుంది. అంకె కాగితం అంచున పడుతుంది. ఆ సెకన్లని అడుగుల్లోకి మారుస్తారు. ఒక సెకనుకి అడుగున్నర. సీన్లన్నీ కూడుతారు. మొత్తం అనుకున్నదానికంటే ఎక్కువొస్తే ఇంకా ఒక్క అడుగు ఫిలిం కూడా తిరగకముందే, సెట్టు కోసం ఒక్క మేకు కూడా కొట్టకముందే, కాగితం మీదే కోత పడుతుంది.

ఎడిటింగు గదిలో కత్తెర పట్టుకుని ఏడ్చే దర్శకులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. తీసిన సీను మీద మమకారం పుడుతుంది. దాని కోసం నటుడు చెమటోడ్చి ఉంటాడు, సెట్టుకి డబ్బు పోసి ఉంటారు. రాసిన సీను మీద అంత మమకారం ఉండదు, తీసేయడం తేలిక. కె.వి.రెడ్డి గారు ఆ ఏడుపంతా ముందే, చవకగా, పెన్సిలుతో ముగించేవారు. ఆయన సినిమాలు మూడు గంటలున్నా ఎక్కడా ఊరికే సాగినట్టు అనిపించకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం. 184 నిమిషాల ‘మాయాబజార్’లో ఏ సీను తీసేద్దామో చెప్పమని ఎవర్నైనా అడిగి చూడండి. మరోవైపు, పన్నెండు నిమిషాలే ఉన్నా కుదురుగా కూర్చుని చూడలేని షార్ట్ ఫిల్ములూ మనం చూస్తున్నాం. నిడివి చిన్నదైనంత మాత్రాన సినిమా బిగువుగా ఉండదు. బిగువు లెక్కలోంచి వస్తుంది.

‘మాయాబజార్’ పేరెత్తాం కాబట్టి ద్వారక గురించి చెప్పకుండా ముందుకు పోలేను.

సినిమాలో ద్వారకానగరం కనిపిస్తుంది. దీపాలు వెలిగించుకుని, మేడలు మేడలుగా, దూరాన మసకబారిపోతూ. 1957 మార్చి 27న సినిమా విడుదలైనప్పుడు చూసినవాళ్లకీ, ఇప్పుడు ఫోనులో చూసే మనవళ్లకీ అది నగరమే. నిజానికి అది మద్రాసు స్టూడియోలో 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు జాగాలో కట్టిన బొమ్మల ఊరు. దాదాపు 300 చిట్టి ఇళ్లు. వాటిలో విడివిడిగా విద్యుత్ దీపాలు. మాధవపెద్ది గోఖలే, కళాధర్ కళాదర్శకులు. కెమెరా దగ్గర మార్కస్ బార్‌ట్లే. ఆ సినిమాకి లైట్‌మెన్, వడ్రంగులు, పెయింటర్లు అందరూ కలిపి 400 మంది దాకా పనిచేశారని చెబుతారు.

ఆ నగరాన్ని తీసేటప్పుడు ఆ ఫ్లోరు మీద ఏం జరిగి ఉంటుందో ఈ పని తెలిసినవాళ్లు తేలిగ్గానే ఊహించగలరు. బొమ్మ ఇల్లు బొమ్మగా దొరికిపోయేది మూడు చోట్ల. మొదటిది ఫోకస్. దగ్గరి గోపురం స్పష్టంగా ఉండి వెనుక మేడ అలుక్కుపోతే కంటికి వెంటనే తెలిసిపోతుంది, ఇది బల్ల మీది వస్తువని. ముందూ వెనుకా రెండూ తేటగా పడాలంటే లెన్సు రంధ్రాన్ని బాగా బిగించాలి. బిగిస్తే వెలుతురు చాలదు, కుప్పలుగా లైట్లు పోయాలి. అలా పోస్తే కిటికీల్లో చిట్టి దీపాలు వెలవెలబోతాయి. రెండింటికీ మధ్య సమతూకం దొరికేదాకా ఒక లైటు పెంచి, ఒకటి తగ్గించి, మళ్లీ చూడాలి. రెండోది కదలిక. నగరం మీదుగా చూపు వెళ్తున్నట్టు కెమెరా జరగాలంటే మామూలు వేగంతో జరపకూడదు. ఇంటి సైజుకి తగ్గట్టు నడక కూడా తగ్గాలి, నత్తలా పోవాలి. మూడోది ఎత్తు. కెమెరా మనిషి నిలబడ్డ ఎత్తులో ఉంటే ద్వారక ఆటబొమ్మే. దాన్ని దించి ఆ చిట్టి వీధిలో మనిషుంటే అతని కన్ను ఎక్కడుంటుందో అక్కడికి తెస్తే, అదే నగరం ఆకాశమంత లేస్తుంది.

‘లాహిరి లాహిరి’ పాటలో మనం నదీ వెన్నెలా అనుకుని మైమరచి చూసేదాంట్లో కూడా చాలా భాగం స్టూడియోలో తీసిందే. చిన్న చేపను పెద్ద చేప మింగడం గురించి ఒక ముసలివాడి చేత తత్త్వం పాడించిన సినిమాలో, తెర వెనుక జరిగిన పని మాత్రం పూర్తిగా తలకిందులు. చిన్నదే పెద్దదాన్ని మింగింది. అరవై అడుగుల జాగా ఒక రాజధానిని మింగింది. అది చూసి మనం మోసపోయామని ఎవరికీ అనిపించదు, ఎందుకంటే లెక్క ఎక్కడా తప్పలేదు. నేను పట్టుకున్న సంగతి ఇదొక్కటే. తెర మీద ఏదీ పుట్టుకతో పెద్దది కాదు, చిన్నది కాదు. కెమెరా ఎక్కడ పెట్టాలో, గడియారం ఎక్కడ ఆపాలో తెలిసినవాడి చేతిలో అది అలా అవుతుంది.

ఎత్తు సంగతి అక్కడితో ఆగదు. దాన్ని మార్కస్ బార్‌ట్లేకి ఏమాత్రం తీసిపోకుండా అర్థం చేసుకున్నవాళ్లు ఇదే దక్కన్ పీఠభూమి మీద, ఇంకో మెట్ట ప్రాంతంలో ఉన్నారు. వాళ్లు స్టూడియో గడప తొక్కినవాళ్లు కారు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళా రైతులు వీడియో కెమెరా పట్టారు. జొన్నలూ కొర్రలూ పండించే చేతులు. చాలామందికి చదువు రాదు. వాళ్లకి ఆ దారి చూపించినవారిలో ముఖ్యులు పి.వి.సతీష్. ఒకప్పుడు టెలివిజన్ నిర్మాతగా పనిచేసిన ఆయన 2023 మార్చిలో కన్నుమూశారు. సంఘం ఆడవాళ్ల కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ 2001లో ఏర్పడింది.

కెమెరా నేర్చుకునేటప్పుడు షాట్ల పేర్లు ఇంగ్లిషులో ఉన్నాయి. ఆ పేర్లు వాళ్లకి అక్కర్లేదు, వాళ్లకి తెలిసిన ఊరు వాళ్ల ఎదురుగానే ఉంది. పైనుంచి కిందికి చూసే షాట్‌కి ‘పటేల్ షాట్’ అని పేరు పెట్టారు. పటేలు అరుగు మీద కూర్చుని కూలివాళ్లని చూసే చూపు అది. కింది నుంచి పైకి చూసేదానికి వెట్టివాళ్ల పేరు పెట్టారు. దొర ముందు నేల మీద కూర్చున్నవాడు తలెత్తి చూసే చూపు. కంటికి ఎదురుగా కన్ను ఉండేలా, సమాన ఎత్తులో పెట్టిన షాట్‌కి ‘సంఘం షాట్’ అన్నారు. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కదా.

ఏ ఫిలిం స్కూల్లో ఏ పాఠం ఇంతకంటే బాగా చెబుతుందో నాకు తెలియదు. తెర మీద మనిషి సైజుని కెమెరా ఎత్తు నిర్ణయిస్తుందని, ఆ ఎత్తుని ఊళ్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న కట్టుబాటు నిర్ణయిస్తుందని వాళ్లు మూడు పేర్లలో చెప్పేశారు. ఆ కెమెరాతోనే వరంగల్ పత్తిచేలకి వెళ్లారు. బీటీ పత్తి వేసిన రైతుల దగ్గరికి నెలనెలా వెళ్లి, విత్తిన దగ్గర నుంచి లెక్క తేలే దాకా అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు తీసి, 2003లో ఒక చిన్న సినిమా చేశారు. వరంగల్ రైతులు బీటీ పత్తి మీద ఎందుకు కోపంగా ఉన్నారన్నదే దాని ప్రశ్న, అదే దాని పేరు. అది దేశం దాటి కూడా వెళ్లింది. నిడివిలో అది ‘పాతాళభైరవి’ ముందు ఏమూలకీ రాదు. ఒక పంటకాలాన్ని మొత్తం వదలకుండా కళ్లతో పట్టుకున్న ఓపిక మాత్రం స్టాప్‌వాచ్ పట్టిన ఓపికకి సరితూగుతుంది.

కె.వి.రెడ్డి గారు ఆఖరుగా దర్శకత్వం చేసింది ‘శ్రీకృష్ణసత్య’, 1971లో. మరుసటి ఏడాది సెప్టెంబరు 15న పోయారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న సింగీతం శ్రీనివాసరావు గారు 1987లో ఒక్క మాట కూడా లేని సినిమా తీసి దేశాన్ని ఆశ్చర్యపరిచారు. మాటలు పూర్తిగా తీసేసినా కథ నిలబడుతుందని అంత ధైర్యంగా నమ్మడానికి, ఏ సీను ఎంతసేపు నిలబడుతుందో ముందే కొలిచిన గురువు దగ్గర చేసిన శిష్యరికం తోడ్పడే ఉంటుందని నాకనిపిస్తుంది.

ఇప్పుడు అనంతపురం, ధర్మవరం, కదిరి, హిందూపురం ఎక్కడ చూసినా షార్ట్ ఫిల్ములు తీసే పిల్లలున్నారు. ఫోనులో ఫిలిం అయిపోదు, అడుక్కి ఇంతని ఎవరూ అడగరు. అందుకే ఎక్కడ ఆపాలో తెలియక ఇబ్బంది పడుతున్నారు. తీసినదంతా అతికించి, ఐదు నిమిషాల కథని ఇరవై రెండు నిమిషాలు చేసి, చూసేవాళ్లు లేరని బాధపడుతున్నారు. వాళ్లలో ప్రతిభకి కొదవ లేదు. వేరుసెనగ చేలో ఎండిపోయిన ఊడలు చూసే తండ్రి ముఖాన్ని వాళ్లకంటే దగ్గరగా తీయగలిగినవాళ్లు ఈ దేశంలో లేరు.

వాళ్ల కోసం తాడిపత్రిలో ఒక లఘుచిత్రోత్సవం జరగాలి. హైదరాబాదులో కాదు, తాడిపత్రిలోనే. ఊరివాళ్లే జరపాలి. ప్రారంభానికి ‘మాయాబజార్’ మొత్తం వేయనక్కర్లేదు, ద్వారక కనిపించే ఆ ముక్క చాలు, పక్కనే పస్తాపూర్ ఆడవాళ్ల సినిమా ఒకటి. పోటీకి వచ్చేవాళ్లకి నిమిషాల పరిమితి పెట్టొద్దు, మూడు నిమిషాలైనా ముప్పై నిమిషాలైనా తీసుకురానివ్వండి. సినిమాతో పాటు ప్రతి ఒక్కరూ ఒక కాగితం ఇవ్వాలి. షూటింగుకి ముందు రాసిన స్క్రిప్టు అది, ప్రతి సీను పక్కన ఎన్ని సెకన్లో పెన్సిలుతో వేసి ఉండాలి. తీసిన సినిమా ఆ లెక్కకి ఎంత దగ్గరగా వచ్చిందో న్యాయనిర్ణేతలు స్టాప్‌వాచ్ పట్టి చూడాలి. మొదటి బహుమతికి కె.వి.రెడ్డి గారి పేరు పెట్టండి. రెండోదానికి మూలా నారాయణస్వామి గారి పేరు.